బయలుల ఏముంటది సారూ?

ఇమ్మానుయేల్ గొంతు పోవడానికి సగం కారణం పంకా, సగం నేను. పంకాకు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు. అందుకే ఇది నేనే రాయాలి, రాయడం నాకు పెద్దగా చేతకాకపోయినా. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత నిర్వచనాలు బట్టీ పట్టించిన చేయి ఇది. ఏ మాట రాసినా దాని కింద గీత గీయబుద్ధవుతుంది.

నా పేరు సుమన. గట్టు మండలంలో ఒక ఊరి బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. ఊరి పేరు ఎందుకులెండి. పుట్టిల్లు వనపర్తి, ఉండేది గద్వాల. పొద్దున బస్సులో సీటు దొరికితే ఆ రోజు నేను మంచి టీచర్ని. దొరకకపోతే పిల్లల గాచారం.

ఇమ్మానుయేల్ ఏడాదికోసారి మా బడికి ఆకాశాన్ని మోసుకొచ్చేవాడు. నిజంగానే మోసుకొచ్చేవాడు. మందపాటి నల్ల గుడ్డ, మడిస్తే రెండు వడ్ల బస్తాలంత. దాన్నీ, ఒక పెద్ద పంకానీ, చెక్కపెట్టెలో పెట్టిన చిన్న ప్రొజెక్టర్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చేవాడు. మా బడి పెద్దగదిలో బల్లలు బయటపెట్టించి, గుడ్డ పరిచి, దాని మూతికి పంకా తగిలించేవాడు. పావుగంటలో అది ఉబ్బి గుమ్మటంలా లేచేది. పిల్లలు చెప్పులు విడిచి, సొరంగం లాంటి తోవలో మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి పోవాలి. ఒక ఆటకు నలభై మంది. లోపల చీకటి, పైన చుక్కలు, కింద నలభై జతల పాదాల వాసన. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల బళ్ళకూ కలిపి ఒకటే గుడారం, ఒకడే మనిషి.

ఆ పంకా ఆగితే ఆకాశం కూలిపోతుంది. కాబట్టి అది ఆగదు. కల్లంలో వడ్లు తూర్పారబట్టే మిషన్ ఎంత రొద పెడుతుందో అంతా పెడుతుంది. దాని మీదుగా నలభై మందికి వినపడేలా అరిచి చెప్పాలి. రోజుకు ఆరు ఆటలు. ఇమ్మానుయేల్ కంటే ముందు ఈ పని భాస్కర్ అని ఎమ్మెస్సీ చదివిన అబ్బాయి చేసేవాడు. ఇమ్మానుయేల్ అప్పుడు ఆటో తోలేవాడు, ఇంటర్ వరకే చదివాడు. అచ్చంపేటలో ఒక రోజు మూడో ఆటకే భాస్కర్ గొంతు బొంగురుపోయింది. లోపల పిల్లలు, బయట హెడ్మాస్టరు. ఏం చేయాలో తెలియక డ్రైవరే లోపలికి పాకి చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు విని ఉంటాడో, ఒక్క మాట తప్పలేదు. పైగా అతని గొంతు గుడారం దాటి వరండా దాకా వినపడింది. భాస్కర్ ఆ నెలలోనే పని మానేశాడు.

ఆ గొంతు ఎక్కడిదంటే మట్టిపని దగ్గరిది. ఇమ్మానుయేల్‌ది ఉప్పునుంతల దగ్గర ఒక పల్లె. తండ్రి శాంతయ్య, తల్లి హన్మమ్మ. దసరా దాటితే ఊర్లో సగం మంది గుంపు మేస్త్రి వెంట లారీ ఎక్కేవాళ్ళు. దేశంలో ఎక్కడ డ్యాం కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి. పాలమూరు లేబర్ అంటే తెలియని కాంట్రాక్టరు లేడు. పిల్లలూ వెంటే. ఇమ్మానుయేల్ మూడు భాషల్లో 'మట్టి' అనడం నేర్చుకున్నాకే అక్షరాలు నేర్చుకున్నాడు.

ఆ లారీల్లో ఒక పద్ధతి ఉండేది. లారీ ఎక్కడ ఆగినా, మళ్ళీ కదిలే ముందు మేస్త్రి టార్పాలిన్ ఎత్తి ఒక్కొక్క ఇంటి పెద్ద పేరు పెట్టి "ఉన్నరా?" అని అరిచేవాడు. లోపలినుంచి "ఉన్నం" అనాలి. జ్వరంతోనో, గొంతు పడిపోయో పలకలేనివాళ్ళు లారీ చెక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. ఆ చప్పుడు వినపడితే తప్ప లారీ కదలదు. ఇదేదో ప్రేమ అనుకునేరు. ఒక కూలి తగ్గితే మేస్త్రికే కదా నష్టం.

ఇమ్మానుయేల్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఒక కాలువ పని ముగించుకుని ఊరికి తిరిగొస్తున్నారు. శాంతయ్యకు నాలుగు రోజులుగా జ్వరం. లారీ మొదటిసారి ఆగినప్పుడు రెండు దెబ్బలు కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. కృష్ణ దాటాక మూడోసారి ఆగితే మేస్త్రి పిలిచాడు, మళ్ళీ పిలిచాడు, చప్పుడు లేదు.

"నేను పక్కల్నే ఉన్న మేడం," అన్నాడు ఇమ్మానుయేల్ నాతో. "నిద్రల ఉన్న. నాయిన చెయ్యి నా మీదనే ఉండె."

ఈ సంగతి అతను చెప్పింది ఒక్కసారే, మా స్టాఫ్‌రూంలో టీ తాగుతూ. మళ్ళీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ గుడారంలో దీపం ఆర్పగానే అతను "ఉన్నరా?" అని ఎందుకు అరుస్తాడో ఆ రోజు అర్థమైంది. పిల్లలు "ఉన్నం సార్" అని గుడ్డ చిరిగేలా అరిచేవాళ్ళు. చీకటికి జడిసి ఏడుపు మొహం పెట్టిన ఆరో తరగతి పిల్లలు కూడా ఆ అరుపుతో తేరుకునేవాళ్ళు. ఆ తర్వాతే చుక్కలు వచ్చేవి.

అతని ఆట కోసం నేను కూడా ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. పాఠ్యపుస్తకంలో రాకెట్లు ఎప్పుడూ గెలుస్తాయి. ఇమ్మానుయేల్ ఓడినవాటి గురించి కూడా చెప్పేవాడు. మొదట్లో పైకి పంపిన కుక్క గురించి, అది తిరిగి రాలేదని, దాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటే చేయలేదని దాపరికం లేకుండా చెప్పేవాడు. పిల్లలకు చుక్కల పేర్లు గుర్తుండేవి కావు, కుక్క గుర్తుండేది. ఆ తర్వాత తను పుట్టిన ఏడాదే, పందొమ్మిది వందల డెబ్బై ఏడులో, బయల్దేరిన ఒక నౌక గురించి చెప్పేవాడు. "నా యీడుదే బిడ్డా. సూర్యుని వాకిలి దాటి పోయింది. ఈడికెల్లి 'ఉన్నవా?' అని అడిగితె గా మాట పోవనీకె దగ్గర దగ్గర ఒక రోజు పడ్తది. అది 'ఉన్న' అంటె మనకు వినరానీకె ఇంకో రోజు. కరెంటు సాలక ఒక్కొక్క సామాను బంద్ చేసుకుంట పోతుండ్రు. గొంతు సన్నవడ్డది. గాని పలుకుతనే ఉన్నది."

మూడేళ్ళ కిందటి ఆట దగ్గర అసలు కథ మొదలైంది. అప్పుడు పూజ ఏడో తరగతి. చదువులో మధ్యరకం, మాటలో సన్నగొంతు, ప్రశ్న అడిగితే మాత్రం వదలదు. ఆ రోజు ఇమ్మానుయేల్ మామూలుగానే అరిచాడు. "అంతరిక్షమంటె ఏంది? బయలు బిడ్డా. ఒట్టి బయలు!"

గుడారమంతా కిసకిస.

ఉప్పునుంతలలో బయలంటే చెట్టూ చేమా లేని ఖాళీ నేల, అంతే. కానీ మాది కన్నడ సరిహద్దు. మా పిల్లల తల్లుల్లో సగం మంది రాయచూరు వైపునుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ బయలుకు పోవడమంటే చెంబు పట్టుకుని పోవడం. వెనకనుంచి ఎవడో పోకిరి, "సార్, గట్లయితె రాకెట్ల చెంబు పెట్టుకోని పోవాలె!" అన్నాడు. ఇంక ఆపతరం కాలేదు. టీచర్నై ఉండి, చీకటి కదా అని కొంగు నోట్లో కుక్కుకుని నేనూ నవ్వాను. ఇమ్మానుయేల్ ఒక్కడికే విషయం తెలియక, "నవ్వుతరేంది? ఏమన్న నేను?" అని అరుస్తున్నాడు.

ఆ నవ్వుల మధ్యలోనే పూజ అడిగింది. "బయలుల ఏముంటది సారూ?"

"ఏం ఉండదు బిడ్డా. ఖాళీ."

"ఏం ఉండకుంటె మంచిదే కద సార్. భయం లేదు."

ముందు ఆడపిల్లల నవ్వు ఆగిపోయింది. కాసేపటికి మగపిల్లలదీ ఆగింది. పూజ వాళ్ళింటి వెనక మరుగుదొడ్డి ఉంది, అందులో కట్టెలూ పిడకలూ ఉన్నాయి. బిందె నీళ్ళకు పంచాయితీ పెట్టుకునే ఊర్లో దొడ్డికి నీళ్ళెవరు పోస్తారు? తెల్లవారకముందే తల్లి వెంట చెలక గట్లకు పోయే పిల్లకు బయల్లో ఏముంటుందో బాగా తెలుసు. పాములుంటాయి, అంతకంటే చెడ్డవీ ఉంటాయి. ఏమీ లేని బయలు ఒకటి ఉందని వినడం ఆ పిల్లకు ఊరట. నాకు మొహం కడుక్కోవాలనిపించింది.

ఆట అయ్యాక ఇమ్మానుయేల్ స్టాఫ్‌రూంకు వచ్చాడు. నేను అర్ధ సంవత్సరం పేపర్లు దిద్దుతూ విసుగులో ఉన్నాను. చెంబు సంగతి చెప్పాను. అతను నవ్వలేదు.

"మేడం, నిజంగ ఏం లేదా? పన్నెండేండ్ల సంది ఏం లేదనే చెప్తున్న. గా పిల్ల అడిగితె నాకే డౌటొచ్చింది."

విసుగ్గానే మొదలుపెట్టాను. ఏం లేకపోవడం అనేది ఎక్కడా లేదన్నాను. చుక్కల మధ్య సన్నటి వాయువు ఉంటుంది, చచ్చిపోయిన చుక్కల ధూళి ఉంటుంది. చుక్కల గుంపులకీ గుంపులకీ నడుమ మరీ పలచన, ఒక ఘనపు మీటరు చోటులో ఒక అణువు, పుస్తకం మాటలో పరమాణువు, అదీ ఉంటే ఉన్నట్టు. కానీ అక్కడ కూడా వెలుగు ఉంటుంది, లోకం మొదటి రోజుల్లోది, కంటికి కనపడదు. చెప్తూ చెప్తూ పేపర్లు పక్కకు నెట్టేశాను. ఎన్నేళ్ళయిందో ఎవరైనా మార్కుల కోసం కాకుండా నన్నొక ప్రశ్న అడిగి.

"మా గుడారంల ఎన్ని ఘనపు మీటర్లు పడ్తయి?" అన్నాడు ఇమ్మానుయేల్. దాని కొలతలు అతనికి తెలుసు. పేపరు వెనక లెక్క కట్టాను. ముప్పై రెండు వచ్చింది.

"అంటె గా బయలు తెచ్చి గీ గుడారంల నింపితె ముప్పై అణువులు."

"అంతే. ఇంకా తక్కువే."

"పిల్లలు నలభై మంది." అతను అప్పుడు నవ్వాడు. "పిల్లలే ఎక్కువున్నరు మేడం."

మధ్యాహ్న భోజనం వండే నర్సమ్మ టీ తెచ్చి, గోడకానుకుని ఇదంతా వింటోంది. నర్సమ్మకు ఎవరి మొహమాటమూ లేదు. "గంత ఖర్చు వెట్టి గా ఖాళీల ఏం దేవులాడుతుండ్రు సారూ? జర మా ఊరికి నీళ్ళు దేవులాడరాదు?"

నేను టీచరు జవాబు చెప్పబోయాను. ఉపగ్రహాలు, వాతావరణ సూచన, అదీ ఇదీ. "ఊకో మేడం," అంది నర్సమ్మ. "వానొస్తదని మొన్న నీ ఫోన్ చెప్పె. వచ్చిందా?" ఇమ్మానుయేల్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వన్నది నిజమే నర్సమ్మా. మా నాయిన తవ్విన కాలువల నీళ్ళు మా ఊరికి రాలే. గాని తవ్వకుంట..." అంటుండగా దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. నర్సమ్మ నీళ్ళు తెచ్చేసరికి బెల్లు కొట్టారు. ఆ మాట అక్కడే ఆగింది. తర్వాత అడుగుదామనుకున్నాను. ఈ 'తర్వాత' అనే మాటను నమ్ముకుని నేను చాలా పోగొట్టుకున్నాను.

ఆ దగ్గు తగ్గలేదు. గొంతు గీర గీరగా మారింది, తర్వాత మధ్యమధ్యలో తెగిపోసాగింది. హైదరాబాద్ దవాఖానలో చూపించుకుంటే గొంతు తీగల మీద కాయలు కాశాయన్నారు. ఆరు నెలలు మాట బంద్ పెట్టమన్నారు, లేకపోతే ఆపరేషన్, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేమన్నారు. మాట బంద్ పెడితే పని బంద్. అతను నడిపే గుడారం ఒక సంస్థది, అతను ఏడాదికింతని కాగితం మీద పనిచేసే మనిషి. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఒక రికార్డు పంపి, ఇది పెట్టుకో, నువ్వు మాట్లాడకు అన్నారు.

మరుసటి ఏడాది ఇమ్మానుయేల్ ఆ రికార్డుతోనే వచ్చాడు. లోపల ఎవరిదో గంభీరమైన గొంతు, "అంతరిక్షము అనునది దాదాపు శూన్యావకాశము" అని మొదలుపెట్టింది. అయిదు నిమిషాలకు వెనక వరసలో గురక. కుక్క లేదు, నౌక లేదు, "ఉన్నరా" లేదు. ఇమ్మానుయేల్ పంకా పక్కన మోకాళ్ళు ముడుచుకుని, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా కూర్చున్నాడు. అతన్ని చూస్తే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం అది, ఇంకా పోలేదు.

మూడో ఆట మధ్యలో కరెంటు పోయింది. రికార్డు ఆగింది, చుక్కలు పోయాయి, పంకా ఆగింది. పిల్లలు కేక పెట్టబోయేంతలో ఇమ్మానుయేల్, "భయపడకుండ్రి. మెల్లగ దిగుతది, ఏం కాదు," అన్నాడు. అతను ఒట్టి గుసగుసతో అన్నాడు, అయినా నలభై మందికీ వినపడింది. అన్నేళ్ళలో మొదటిసారి ఆ గుడారంలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో చూశాం. నేను గడియారం చూసుకున్నాను. గుడ్డ మా తలలకు తగలడానికి ఏడు నిమిషాలు పట్టింది.

బయటికి రాగానే నా బుర్ర వెలిగింది. వెలగకపోయినా బాగుండేది.

"అన్నా, గిట్లనే చెయ్యరాదా? రికార్డు పెట్టి చుక్కలు చూపెట్టు. ఆఖర్ల పంకా బంద్ చేసి ఏడు నిమిషాలు గుసగుసగ చెప్పు. పూజ అడిగినదంత చెప్పు."

"మాట్లాడొద్దన్నరు గద మేడం."

"గుసగుస మాట్లాడుడు కాదు. గొంతు తీగలు కదలవు, ఒట్టి గాలే. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంల నేను చెప్పేదే."

భౌతికశాస్త్రం టీచరు చెప్పింది కాబట్టి అతను నమ్మాడు. తర్వాతి ఆటలోనే మొదలుపెట్టాడు. పూజను ఆ ఆటలో నేనే కూర్చోబెట్టాను. చుక్కలన్నీ అయ్యాక పంకా ఆగింది. పైన గుడ్డ ఒకసారి నిట్టూర్చి, సన్నగా కిందికి జారడం మొదలైంది. చీకట్లో గుసగుస వినపడింది.

"బిడ్డా, పోయినసారి బయలంటె నవ్విండ్రు. నవ్వుండ్రి. గాని ఊరిడిసి పోయేటప్పుడు మనమేమంటం? బయలెల్లినం అంటం. బయలుకు ఎల్లుడే బయలెల్లుడు. మా అమ్మ నాయిన ఏటేట బయలెల్లెటోళ్ళు. గా నౌక గూడ గట్లనే బయలెల్లింది.

"పూజా, బయలుల ఏం లేదని నేను తప్పు చెప్పిన. ఉన్నది. గీ గుడారంల గాలంత తీసేసి గా దూరపు బయలు తెచ్చి నింపితె ముప్పై అణువులుంటయి. మీరు నలభై మంది. గంత పెద్ద జాగల మీకన్న తక్కువున్నయి. ఒకదానికొకటి కనవడయి. గాని ఉన్నయి. ఇంకేమున్నది? సచ్చిపోయిన చుక్కల బూడిద ఉన్నది. వెలుగున్నది. ఒక కుంకుడు గింజంత జాగల నాలుగు వందల వెలుగు రవ్వలు. లోకం మొదట్ల బయలెల్లినయి, పదమూడు వందల ఎనభై కోట్ల ఏండ్లాయె. ఇంక నడుస్తనే ఉన్నయి. ఆడ ఎంత అరిచినా వినరాదు, మాటను మోసేతందుకు గాలి లేదు. గాని వెలుగు పోతది. అందుకే గా నౌక వెలుగు లాంటిదాంతోని మాట్లాడ్తది. భయపడేటిది ఏం లేదు బిడ్డా. జర అలసిపోయేటంత దూరం, గంతే."

గుడ్డ మా తలల మీదికి వచ్చింది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే వెల్లకిలా పడుకున్నారు. "ఉన్నరా?" అంది గుసగుస. నలభై గొంతులు గుసగుసగానే "ఉన్నం సార్" అన్నాయి. ఆ ఒక్క రోజు కోసమైనా నేను టీచర్నైనందుకు సంతోషించాను. ఇప్పుడు ఆ సంతోషాన్ని తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మాట బడినుంచి బడికి పాకింది. అలంపూర్, పెబ్బేరు, కొల్లాపూర్ అన్నిచోట్లా గుసగుస ఆటే కావాలన్నారు. రోజుకు ఆరు ఆటలు, ఆరు గుసగుసలు. నేను స్టాఫ్‌రూంలో గొప్పలు పోయాను, నా ఐడియా అని. ఏడాది గడిచేలోపు వనపర్తి బస్టాండులో ఇమ్మానుయేల్ కనిపించాడు. నన్ను చూసి నవ్వి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మాట లేదు, గుసగుస కూడా లేదు. ఫోన్ తీసి టైపు చేసి చూపించాడు.

'గుసగుస అరిచినదాని కన్న చెడ్డదంట మేడం. నరాలు బిగపట్టి మాట్లాడుతమంట. డాక్టర్ మస్తు కోపం చేసిండు.'

ఫోన్ నా చేతిలోనే ఉంది. అతను తీసుకుని ఇంకో వాక్యం కొట్టాడు.

'ఎవరు చెప్పిండ్రు గట్ల మాట్లాడుమని అని అడిగిండు. నేనే అనుకున్న అని చెప్పిన.'

బస్టాండులో అంత మంది ముందు ఏడ్చాను. అతను పరేషానై నీళ్ళ సీసా కొనుక్కొచ్చాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకు అవకాశం ఇవ్వలేదు, డాక్టరు దగ్గర ముందే తన మీద వేసుకుని వచ్చాడు. అంత మంచితనాన్ని భరించడం కష్టం, కోప్పడి ఉంటే బాగుండేది.

ఆపరేషన్ అయింది. ఆ ఏడు మా బడికి గుడారం రాలేదు. గొంతు తిరిగి రాలేదు. నర్సమ్మకు చెప్పాను. "గా ఖాళీ కోసం ఎంత ఖర్చాయె చూస్తివా మేడం," అంది. ఈసారి టీచరు జవాబు పక్కనపెట్టి లెక్క కట్టాను. పైకి పోయిన కుక్క, పోయి రాని మనుషులు, ఉప్పునుంతల మనిషి గొంతు, ఇవన్నీ ఖర్చే. ఆ ఖర్చుకు వచ్చింది ముప్పై అణువులు. కాదు, పూజ భయం కొంచెం తగ్గింది, అది కూడా వచ్చింది. సరిపోయిందా అంటే నాకు తెలియదు. అలసటగా ఉంది.

ఈ ఫిబ్రవరిలో అతను చివరిసారి వచ్చాడు. వచ్చే ఏడు కొత్త మనిషి వస్తాడని సంస్థవాళ్ళు చెప్పారట. గుడారానికి అతుకులు, మనిషికి మెడ మీద గాటు. పూజ ఇప్పుడు పది. పరీక్షల ముందు స్పెషల్ క్లాసులు మాన్పించి, హెడ్మాస్టరుతో తగువు పెట్టుకుని, పదో తరగతి వాళ్ళనీ ఆరో తరగతి వాళ్ళనీ కలిపి నలభై మందిని లోపలికి పంపి నేనూ పాకాను.

రికార్డు మొదలైంది, అయిపోయింది. చుక్కలు ఆరిపోయాయి. ఇమ్మానుయేల్ పంకా బంద్ చేశాడు. ఎందుకు చేశాడో తెలియదు, అలవాటు కావచ్చు. పెద్దపిల్లలకు తెలుసు కాబట్టి గుసగుస కోసం ఊపిరి బిగబట్టారు.

ఏమీ రాలేదు. గుడ్డ దిగుతోంది. నేను చెప్పాలి. ముప్పై అణువులూ, కుంకుడు గింజా, బయలెల్లుడూ నాకన్నీ తెలుసు, అందులో సగం నేను చెప్పినవే. నోరు తెరిచాను. నాకు గొంతు ఉంది, అయినా ఒక్క మాట రాలేదు. ఆరో తరగతి పిల్ల ఒకతి వెక్కడం మొదలుపెట్టింది.

"సారూ, ఉన్నరా?"

పూజ గొంతు. ఎవరూ పలకలేదు. గుడ్డ నా జుట్టుకు తగిలింది. పిల్లలు పడుకుంటున్న చప్పుడు. పూజ ఇంకొంచెం గట్టిగా, కృష్ణ దాటాక ఆగిన లారీ దగ్గర నిలబడ్డ మేస్త్రి అరిచినంత గట్టిగా అడిగింది.

"సారూ! ఉన్నరా?"

పంకా ఉన్న మూలనుంచి, ప్రొజెక్టరు చెక్కపెట్టె మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు.

ఆ చప్పుడుకు అర్థమేమిటో పిల్లలకెవరికీ తెలియదు. అయినా నలభై మందీ "ఉన్నం సార్" అన్నారు.